మీకు తెలుసా? విశ్వం చినిగిపోవచ్చట!

విశ్వం వ్యాపిస్తున్న వేగం తగ్గడం లేదు, పెరుగుతోంది. దూరపు సూపర్‌నోవాలను గమనించిన రెండు బృందాలు 1998లో ఈ సంగతి తేల్చాయి. 2011లో దానికి నోబెల్ వచ్చింది. ఈ వేగం పెరగడానికి కారణమని భావిస్తున్నదే డార్క్ ఎనర్జీ.

అది రోజురోజుకూ బలపడితే? 2003లో రాబర్ట్ కాల్డ్‌వెల్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క వేశారు. వాళ్లు తీసుకున్న ఉదాహరణ ప్రకారం మరో 2,200 కోట్ల ఏళ్లకు అంతా చినిగిపోతుంది. ఆ ఘడియకు 6 కోట్ల ఏళ్ల ముందు పాలపుంత చెదిరిపోతుంది. మూడు నెలల ముందు గ్రహాలు సూర్యుడి పట్టు తప్పుతాయి. అరగంట ముందు భూమి పేలిపోతుంది. ఆఖరికి పరమాణువులూ మిగలవు. (అసలు మన సూర్యుడు అంతకు చాలా ముందే, సుమారు 500 కోట్ల ఏళ్లలోనే ఇంధనం అయిపోయి ఉబ్బిపోతాడు. కాబట్టి ఇక్కడ భూమి అంటే అలాంటి ఏదో ఒక గ్రహమనుకోవాలి.)

డార్క్ ఎనర్జీ మారకుండా ఉంటే మాత్రం పేలుళ్లేమీ ఉండవు. నక్షత్రాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి, మిగిలేది చలి, చీకటి. ఎక్కువమంది శాస్త్రవేత్తల మొగ్గు ఇటే. అయితే డార్క్ ఎనర్జీని పరిశీలించే, అరిజోనాలోని డెసి పరికరం 2024, 2025లలో ఇచ్చిన ఫలితాలు ఆ శక్తి నీరసిస్తోందేమోనన్న అనుమానం రేపాయి. ఇంకా రుజువు కాలేదు.