రంగు పోవాలి.. మెరుపు మిగలాలి
పాత డ్రమ్ముపై థిన్నరు రుద్దితే అసలుకే మోసం

బరంపురం: పెళ్లిళ్ల సీజను ముగిసిందంటే బ్యాండు మేళాల వారికి వాయిద్యాలు బాగు చేసుకునే పని మొదలవుతుంది. బరంపురమైనా, బళ్లారి అయినా ఇదే తంతు. మేళం చేతులు మారితే డ్రమ్ముపై పేరూ మారుతుంది. పాత పేరుపై ఓ పూత ఎనామిల్, దానిపై కొత్త పేరు. ఇలా పూత మీద పూత పడి అసలు మెరుపు కనుమరుగవుతుంది. ఆ రంగు తీయొచ్చు. తొందరపడితే మాత్రం మెరుపూ పోతుంది.

అది పూత కాదు, షీటు

పాత డ్రమ్ములకు ముత్యపు మెరుపు ఇచ్చేది చెక్కకు చుట్టి అంటించిన పల్చని ప్లాస్టిక్ షీటు. 1960ల దాకా చాలా కంపెనీలు ఇందుకు సెల్యులాయిడ్ వాడేవి. బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ 1963లో తీసుకున్న లుడ్విగ్ సెట్టుపై ఉన్న నల్ల ముత్యపు మెరుపు ఇలాంటిదే.

సెల్యులాయిడ్‌ను అసిటోన్ కరిగిస్తుంది. ఎన్‌సీ థిన్నరు, పెయింట్ రిమూవరు, గోళ్లరంగు తీసే ద్రవాల్లో అసిటోనో, అలాంటి ద్రావకమో ఉండటం మామూలే. గుడ్డకు అద్ది రుద్దితే రంగుతో పాటు షీటూ జిగురులా మెత్తబడుతుంది. పోయిన మెరుపు తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు. వేడిగాలి మెషీన్ అసలే వద్దు. షీటు లేచిపోతుంది, సెల్యులాయిడ్ చప్పున అంటుకుంటుంది కూడా.

ఓపికే మందు

ముందు తోళ్లు, రింగులు, బోల్టులు విప్పాలి. రింగు కింద దాగే అంచు మీదే ఏదైనా పరీక్షించి చూడాలి.

* సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. డిస్టెంపర్ లాంటివి దీనికే మెత్తబడతాయి. నీరు షీటు అతుకులోకి, చెక్కలోకి దిగకూడదు.

* ఎండి పెళుసెక్కిన ఎనామిల్ నున్నటి షీటును అంత గట్టిగా పట్టుకోదు. గోటితోనో, వెదురు పుల్లతోనో, పాత ఏటీఎం కార్డు అంచుతోనో కొంచెం కొంచెం లేపాలి. బ్లేడు తగలనివ్వొద్దు.

* మిగిలిన మరకలకు దూదిపై కొద్దిగా మినరల్ టర్పెంటైన్ అద్ది, కాసేపాగి తుడిచేయాలి. కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గర్లో నిప్పు ఉండరాదు.

* స్ప్రే పెయింటుతో జాగ్రత్త. దాన్ని కరిగించే ద్రవాలు చాలావరకు షీటునూ కరిగిస్తాయి. 2000 నంబరు వాటర్ పేపరుతో, తడి చేసుకుంటూ, రంగు పొర వరకే నెమ్మదిగా రుద్దడం మేలు.

* చివర్లో ప్లాస్టిక్ పాలిష్‌తో మెత్తని గుడ్డ పెట్టి తుడిస్తే మసక విడుతుంది.

తీసే ముందు ఒక్కమాట

షీటు పగుళ్లు కప్పేందుకే కొన్నిసార్లు రంగు వేస్తారు. కాబట్టి అగ్గిపెట్టె అంత మేర మొదట తీసి చూడాలి. కింద పగుళ్లుంటే అక్కడితో ఆపేయడమే మంచిది. ఆ రంగులో తాతల నాటి మేళం పేరుంటే, చెరిపే ముందు ఓ ఫొటో తీసి పెట్టుకోవాలి. షీటు మెరుపు లాగే ఆ పేరూ ఒకసారి పోతే మళ్లీ రాదు.