చుట్ట చుట్టిన యంత్రం

సిగరెట్టు యంత్రం 1880 నాటికే పుట్టింది. వర్జీనియా రాష్ట్రానికి చెందిన జేమ్స్ బాన్సాక్ అనే ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు దాన్ని రూపొందించాడు. నాలుగేళ్లు తిరిగేసరికి నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో పొగాకు వ్యాపారులైన డ్యూక్ కుటుంబం ఆ యంత్రాన్ని వాడకంలోకి తెచ్చింది. అది పది గంటల్లో లక్షకు పైగా సిగరెట్లు చుట్టేది. అయితే అదే దేశంలో, అదే పొగాకుతో, నిండు ఆకుల సిగార్‌ని చుట్టగల యంత్రం రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. అమెరికాలో మంచి తుపాకీ, పాత విస్కీల సరసన మగవాళ్ల ముచ్చటగా వెలిగిన సిగార్ అంతకాలం ఇంజనీర్లకి ఎందుకు లొంగలేదో తెలియాలంటే ముందు ఆకుని చూడాలి.

సిగరెట్టులో ఉండేది తరిగిన పొగాకు. ఇసకలా పారుతుంది. దాన్ని చుట్టే కాగితం మైళ్ల పొడవునా ఒకే మందం, ఒకే వెడల్పు. యంత్రానికి కావలసింది సరిగ్గా అలాంటి సరుకే. సిగార్‌లో కాగితం లేదు. లోపల పొడవాటి ఆకులు, వాటిని పట్టి ఉంచే మరో ఆకు, ఆపైన అందమైన పై ఆకు. ఏ ఆకూ ఇంకో ఆకులా ఉండదు. ఒకదానికి పురుగు కొట్టిన చిల్లు ఉంటుంది, ఇంకోదానికి లావుపాటి ఈనె, వేరొకదానికి అంచున మచ్చ. నడిమి ఈనె తీసేస్తే ఆకు రెండు సగాలవుతుంది. కుడి సగంలో ఈనెలు ఒక వాలుగా సాగితే ఎడమ సగంలో అందుకు ఎదురు వాలుగా సాగుతాయి. అందుకే కుడి సగాన్ని ఒక దిక్కుగా, ఎడమ సగాన్ని రెండో దిక్కుగా చుట్టాలి. లేకపోతే ఈనెలు సిగార్‌కి అడ్డంగా పడి నునుపు పోతుంది.

పనివాడి సామాను మాత్రం చాలా తక్కువ. ఒక చెక్కపలక, అర్ధచంద్రాకారపు పిడిలేని కత్తి, కాస్త చెట్టు జిగురు. నేర్పంతా ఆకుల్ని పేర్చడంలోనే. మొక్క పైభాగపు ఆకు ఎండ బాగా తిని దళసరిగా, ఘాటుగా ఉంటుంది, మెల్లగా కాలుతుంది. కింది ఆకు పలచన, త్వరగా అంటుకుంటుంది. ఘాటైన ఆకుని నట్టనడుమ పెట్టి పలచనివాటిని దాని చుట్టూ సర్దితేనే నిప్పు సమంగా దిగుతుంది. ఆకుల్ని పిడికిట్లో మడతలుగా పేర్చేటప్పుడు గాలి పోయే సందులు చివరిదాకా మిగలాలి. బిగిస్తే పొగ రాదు, వదులైతే వేడెక్కి చేదెక్కుతుంది. ఆ బిగువుని కొలిచేది పనివాడి వేళ్లే. తర్వాత పై ఆకుని కాలికి కట్టు కట్టినట్టు ఏటవాలుగా, ఎక్కడా ముడత పడకుండా చుట్టి, చివర చిన్న టోపీ అతికిస్తాడు.

ఈ విద్య మనకీ పరాయిది కాదు. గోదావరి లంకల్లో పండిన పొగాకు పందొమ్మిదో శతాబ్దంలో చుట్టలుగా మారి సముద్రం దాటింది. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిద చూసి గుర్తుపట్టగలనని చెప్పే చుట్టల్లో ఈ లంక చుట్ట కూడా ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది.

ఇక అమెరికాలో యంత్రం కోసం మొదట తపించినవాళ్లలో ఆస్కార్ హామర్‌స్టీన్‌ది విచిత్రమైన జీవితం. జర్మనీ నుంచి వచ్చి న్యూయార్క్‌లో వారానికి రెండు డాలర్ల జీతానికి సిగార్ ఫ్యాక్టరీలో చేరాడు. 1874లో పొగాకు వ్యాపారం మీద ఒక పత్రిక పెట్టాడు. సిగార్ తయారీ పనిముట్ల మీద డజన్ల కొద్దీ పేటెంట్లు తీసుకున్నాడు. ఆ డబ్బంతా సంగీత నాటకశాలలకి పోశాడు. 1906లో ఆయన కట్టిన మన్‌హాటన్ ఒపేరా హౌస్ పోటీకి తట్టుకోలేక, 1910లో మెట్రోపాలిటన్ ఒపేరావాళ్లు పన్నెండు లక్షల డాలర్లిచ్చి పదేళ్లపాటు అమెరికాలో ఒపేరా వేయనని ఆయన చేత రాయించుకున్నారు. ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ పాటలు రాసిన రెండో ఆస్కార్ హామర్‌స్టీన్ ఈయన మనవడే.

అయితే ఆ తరం పరికరాలన్నీ పనిలో ఒక్కో ముక్కనే అందుకున్నాయి. చెక్క అచ్చులు లోపలి కట్టకి ఆకారం ఇచ్చాయి. ఇంకొన్ని పొట్టి తునకల పొగాకుని కట్టగట్టాయి. నిండు ఆకు, పై ఆకు పని మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

ఆ చేతులు కూచున్న గది సంగతి చెప్పకుండా యంత్రం కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. 1868లో క్యూబాలో స్పెయిన్ మీద తిరుగుబాటు లేచాక విసెంటే మార్తీనెజ్ ఇబోర్ అనే వ్యాపారి తన ఫ్యాక్టరీని ఫ్లోరిడా కొసనున్న కీ వెస్ట్‌కి తరలించాడు. 1886లో అదే రాష్ట్రంలోని టాంపా పక్కన తన పేరుతోనే ఇబోర్ సిటీ అనే ఊరు కట్టి అక్కడ పని మొదలుపెట్టాడు. రేవు దగ్గర, హవానా ఆకు దిగుమతికి వీలు. గాలిలో తేమ ఎక్కువ, ఆకు పెళుసెక్కి విరగదు. ఫ్యాక్టరీలను తూర్పు పడమరలుగా పొడవుగా కట్టి, ఉత్తరపు వెలుతురు పడేలా కిటికీలు పెట్టారు. ఆకు రంగుల్లో తేడా కనిపెట్టడానికి నీడపట్టు వెలుతురే కావాలి.

ఆ హాల్లో నడుమ ఎత్తయిన వేదిక మీద ఒక చదువరి కూచునేవాడు. వందల మంది తలవంచి చుట్టుకుంటూ ఉంటే, పొద్దున పేపర్లు, మధ్యాహ్నం నవలలు గొంతెత్తి చదివేవాడు. ఏ నవల చదవాలో పనివాళ్లే ఓటు వేసి తేల్చేవారు. అతని జీతం యజమాని ఇవ్వడు, పనివాళ్లే తలా కాస్త వేసుకునేవారు. ఈ ఆచారం 1865లో హవానాలో మొదలైంది. న్యూయార్క్ సిగార్ షాపుల్లోనూ పనివాళ్లు ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు. అలాంటి షాపులో పెరిగిన శామ్యూల్ గాంపర్స్ 1886లో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌కి తొలి అధ్యక్షుడయ్యాడు. చదివేవాడికి ఆ పూట కూలి పోకుండా మిగతావాళ్లు తాము చుట్టిన సిగార్లలో కొన్ని అతని లెక్కలో వేసేవాళ్లమని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీగా ఉండే పని అది. అక్షరం రాని వాడు కూడా స్పానిష్ రచయిత సెర్వాంటిస్‌ని ఎరిగి ఉండేవాడు. 1891లో క్యూబా స్వాతంత్ర్య నాయకుడు హొసే మార్తీ ఇబోర్ సిటీకి వచ్చి మద్దతు అడిగింది ఈ శ్రోతలనే.

ఇక యంత్రం. 1900లో రూఫస్ పాటర్సన్ అనే నార్త్ కరోలినావాడు అమెరికన్ మెషీన్ అండ్ ఫౌండ్రీ కంపెనీ, క్లుప్తంగా ఏఎంఎఫ్, స్థాపించాడు. పొడవాటి ఆకుల సిగార్‌ని చుట్టే యంత్రం మీద ఆ కంపెనీ ఏళ్ల తరబడి డబ్బు పోసింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజులకి అది ఫ్యాక్టరీల్లో నమ్మకంగా తిరిగే స్థితికి వచ్చింది.

దాని గుండెకాయ గాలి. పై ఆకు ఎంత వంపులో ఉండాలో అంతే వంపులో ఒక లోహపు పలక, దానికి సన్నని బెజ్జాలు, చుట్టూ పదునైన అంచు. పలక కింద నుంచి గాలిని లాగేస్తారు. వాతావరణం ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువుతో ఒత్తుతూ ఉంటుంది. కింద గాలి పలచబడగానే పైనున్న గాలే ఆకుని పలకకి అదిమి పెడుతుంది. ఏ పట్టుకారూ అక్కర్లేదు, ఆకు చిరగదు. పైన రోలరు దొర్లితే అంచు మీద ఆకు తెగుతుంది. గాలి పీల్చే ఇంకో చేయి ఆ ముక్కని ఎత్తి తీసుకుపోయి, గిర్రున తిరుగుతున్న లోపలి కట్ట మీదికి అందిస్తుంది. బంకచుక్క పడుతుంది, టోపీ మూసుకుంటుంది. గాలి ఒత్తిడిని మనిషి వేలికొసలా వాడుకోవడం ఆ రోజుల ఇంజనీరింగ్‌లో నన్ను బాగా ఆకట్టుకున్న ఆలోచన.

అంత చేసినా దాన్ని నడపడానికి నలుగురు కావాలి. ఒకరు లోపలి ఆకులు అందిస్తారు, ఒకరు నడిమి ఆకు పరుస్తారు, ఒకరు పై ఆకు పరుస్తారు, నాలుగోవారు తయారైనదాన్ని చూసి ట్రేలో పేరుస్తారు. ఇందులో కష్టమంతా పై ఆకు పరిచే మనిషిది. చిల్లు తప్పించి, లావు ఈనె తప్పించి, ఉన్న ఆకులోంచి వీలైనన్ని ముక్కలు రాబట్టాలి. ఎక్కడ కోయాలి అనే ఆ నిర్ణయం ఆ లోహానికి రాలేదు. నలుగురూ కలిసి ఎనిమిది గంటల్లో సుమారు 4,000 సిగార్లు తీసేవారు, అంటే మనిషికి వెయ్యి. చేత్తో చుట్టే ఆరితేరిన పనివాడు రోజుకి రెండు మూడు వందలు దాటడు. పైగా యంత్రానికి ఏళ్ల శిక్షణ అక్కర్లేదు. కాబట్టి యజమానులు తక్కువ కూలికి యువతుల్ని తీసుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా చుట్టిన మనిషి వీధిన పడ్డాడు. సిగార్ ధర అయిదు సెంట్లకి దిగింది. నేను ఆ యంత్రాన్ని ఎంత మెచ్చుకున్నా ఈ లెక్కలో రెండు వైపులూ చూడక తప్పదు.

టాంపాలో హవానా ఆకు పరువు మీద బతికిన ఫ్యాక్టరీలు చాలాకాలం చేతినే నమ్ముకున్నాయి. 1929లో ఆ ఊరు ఏడాదికి సుమారు 50 కోట్ల సిగార్లు చుట్టింది. తర్వాత మాంద్యం కమ్మింది, సిగరెట్టు జోరందుకుంది. 1931 నవంబరులో, చదువరులు విప్లవ సాహిత్యం చదువుతున్నారని ఆరోపించి యజమానులు వాళ్లని తీసేశారు. పనివాళ్లు సమ్మె కట్టినా లాభం లేకపోయింది. వేదికల చోట రేడియోలు వచ్చాయి, తర్వాత యంత్రాల రొద వచ్చింది. చేతిపని పోయిందని చాలామంది రాశారు. నా మటుకు, అక్కడ పోయినవాటిలో అన్నిటికన్నా విలువైనది వినికిడే.

1950ల మధ్యలో ఆకు పొడిని గుజ్జు చేసి కాగితంలా పరిచే పద్ధతి వచ్చి, చవక సిగార్‌లో నడిమి ఆకుగా కుదురుకుంది. అంటే యంత్రం ఆకుని గెలవలేక ఆకునే కాగితంగా మార్చుకుంది. 1962 ఫిబ్రవరిలో అధ్యక్షుడు కెనడీ క్యూబా సరుకుని నిషేధించడంతో టాంపాకి హవానా ఆకు ఆగిపోయింది. నిషేధం మీద సంతకం పెట్టేముందు కెనడీ తన కోసం 1,200 క్యూబా సిగార్లు తెప్పించుకున్నాడని ఆయన పత్రికా కార్యదర్శి పియర్ సాలింజర్ తర్వాత రాశాడు.

1992లో ‘సిగార్ అఫిషనాడో’ పత్రిక మొదలయ్యాక కొత్త మోజు రేగింది. అయిదేళ్లలో అమెరికాలోకి వచ్చే చేతిచుట్టుడు సిగార్లు సుమారు నాలుగు రెట్లయ్యాయి. స్పానిష్ సీడర్ చెక్క పెట్టెల్లో 65 నుంచి 70 శాతం తేమలో వాటిని దాచుకునే రసికులు తేమ కొలిచే మీటరుని సరిచూసేందుకు మన వంటింటి ఉప్పునే వాడతారు. మూత బిగించిన డబ్బాలో తడిముద్ద చేసిన ఉప్పుంటే లోపలి గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు ఆ అంకె చూపకపోతే ఎంత తేడా ఉందో అంత సరిదిద్దుకుంటారు.

ఈ ముచ్చటకి మూల్యం ఉంది. ఒక పెద్ద సిగార్‌లో ఒక పెట్టె సిగరెట్లంత పొగాకు ఉండవచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకి సిగార్ కారణమని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో తేల్చి చెప్పింది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ ఆడవాళ్ల అంగిళ్లని ఎలా తినేసిందో మన వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. సిగార్‌ని చూసి మెచ్చుకోవడానికి కాల్చనక్కర్లేదు.

ఇబోర్ సిటీలో 1910లో కట్టిన గడియార స్తంభపు ఫ్యాక్టరీలో జె.సి. న్యూమన్ కంపెనీ 1930ల నాటి ఏఎంఎఫ్ యంత్రాల్ని ఇంకా నడుపుతోంది. వాటి ముందు కూచున్న మనుషులు ఇప్పటికీ ఆకుని చేత్తోనే పరుస్తారు. ఫ్లోరిడా వెళ్లే తెలుగువాళ్లు డిస్నీ లోకం నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే దాన్ని చూడొచ్చు. టాంపా తన చుట్ట కథని ఫ్యాక్టరీలోనే మ్యూజియం పెట్టి భద్రం చేసుకుంది. గోదావరి లంకల్లో చుట్ట చుట్టే పనితనం తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటివారు ఉంటే, ఆకు ఎలా పదును పెట్టేవారో, ఈనె ఎలా తీసేవారో, పని చేస్తూ ఏం పాడుకునేవారో అడిగి ఈ ఏడే రాసి పెట్టండి.