పాత ఆటగాళ్ళ కార్డులు: గ్రేడు వేయించాలా, వద్దా?



కొడుకో, కూతురో అమెరికాలో ఉన్న ఇళ్ళు ఇప్పుడు మన పట్నాల్లో ఎన్నో ఉన్నాయి. పిల్లలు అక్కడ పాత ఇల్లు కొనుక్కుంటారు. ఆ ఇంటి అటకమీదో, ఇరుగుపొరుగువారు పాతసామాను పరిచి అమ్మే చోటో, ఒక అట్టపెట్టె నిండా బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలున్న కార్డులు దొరుకుతాయి. “అమ్మా, వీటికి గ్రేడు వేయిస్తే వేల డాలర్లు వస్తాయట, పంపించమంటావా?” అని ఫోనులో అడుగుతారు. డాలర్లు ఖర్చుపెట్టే ముందు ఆ సంగతేమిటో తెలుసుకుంటే మనమూ నాలుగు మంచిమాటలు చెప్పగలం.

ముందు ఈ కార్డుల పుట్టుక చూద్దాం. ఒకప్పుడు అక్కడ సిగరెట్టు పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మలు పెట్టి అమ్మేవారు. తర్వాత బబుల్ గమ్ కంపెనీలు ఆ పని అందుకున్నాయి. మన దగ్గరా 1980ల్లో బబుల్ గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు వచ్చేవి, మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు వాటిని జేబుల్లో కుక్కుకునేవారు, పందేలు కాసేవారు, సైకిలు చక్రానికి తగిలించి టకటకలాడించేవారు. పిల్లాడు పెద్దవాడై చదువుకు వెళ్ళగానే, అమ్మ గది సర్దుతూ ఆ పెట్టెను చెత్తలో పారేసేది. ఈ కథ అమెరికాలో ఇంటింటా వినిపిస్తుంది. పాత కార్డులు అంత అరుదు కావడానికి అక్కడి తల్లుల శుభ్రత కూడా ఒక కారణమే! పాపం, వాళ్ళు చేసింది మనమైనా చేసే పనే కదూ?

అలా మిగిలినవాటిలో మడత పడనిది, మచ్చ లేనిది దొరకడం మరీ కష్టం. ధరంతా అక్కడే ఉంది. 1952లో టాప్స్ కంపెనీ వేసిన మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి, 9.5 గ్రేడు పొందినది, 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే కార్డు మూలలు అరిగి, మడతలు పడి ఉంటే ఆ ధరలో నూరోవంతు కూడా పలకదు. బొమ్మ ఒకటే, సంవత్సరం ఒకటే. తేడా అంతా కాగితం స్థితిలోనే!

ఆ స్థితిని నిర్ణయించి చెప్పడమే గ్రేడింగ్. కాలిఫోర్నియాలో 1991లో మొదలైన పి.ఎస్.ఏ. వీటిలో పెద్దది. ఎస్.జి.సి., బెకెట్ అనేవి కూడా పేరున్నవే. వారు కార్డు అసలుదా, నకిలీదా చూస్తారు. తర్వాత నాలుగు విషయాలు పరిశీలిస్తారు: బొమ్మ చుట్టూ అంచు నాలుగువైపులా సమంగా ఉందా, మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు చెదరకుండా ఉన్నాయా, పైభాగాన గీతలూ మరకలూ ఉన్నాయా అని. ఒకటినుంచి పదిదాకా ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో కార్డును మూసి, నంబరు చీటీ పెట్టి తిప్పి పంపుతారు. అంచులు కత్తిరించి చక్కచేసిన కార్డు అని తేలితే మామూలుగా అంకె ఇవ్వరు.

“అయితే ఇది మన బంగారం మీద హాల్‌మార్కు లాంటిదేగా?” అంటారేమో. కొంతవరకే. బంగారం ఎన్ని క్యారెట్లో పరీక్షలో తేలిపోతుంది. ఎవరు పరీక్షించినా ఫలితం ఇంచుమించు ఒకటే. కార్డు గ్రేడు అలా కాదు, అది అనుభవమున్న మనిషి అభిప్రాయం. ఇవాళ 7 వచ్చిన కార్డే పెట్టె పగలగొట్టి మళ్ళీ పంపితే 8 రావచ్చు, 6 రావచ్చు. పి.ఎస్.ఏ. మొట్టమొదట గ్రేడు వేసిన కార్డు సంగతే చూడండి. హోనస్ వాగ్నర్ అనే ఆటగాడిది, సిగరెట్టు పెట్టెల కాలంనాటిది. దానికి 8 ఇచ్చారు. ఒకప్పుడు దాన్ని కొని అమ్మిన వ్యాపారి, దాని అంచులు తానే కత్తిరించానని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు! కనుక అంకెను గౌరవించండి గాని, వేదవాక్కు అనుకోకండి.

ఇక అసలు ప్రశ్న. వేయించాలా, వద్దా? పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది: అమ్ముతారా, దాచుకుంటారా? అమ్మే ఉద్దేశం లేనప్పుడు గ్రేడుతో పెద్ద పని లేదు. రెండు మూడు డాలర్లకు దొరికే గట్టి ప్లాస్టిక్ తొడుగు రక్షణకు చాలు.

రెండవది: అది ఏ కాలంనాటిది? 1980ల చివర, 1990ల మొదట్లో కంపెనీలు లెక్కలేనన్ని కార్డులు అచ్చువేశాయి. అప్పటికి పాతవాటి ధరలు తెలిసి, జనం వాటిని భద్రంగా దాచారు. అందరి దగ్గరా ఉన్నదాన్ని ఎవరు కొంటారు? వాటిలో చాలావాటికి ఇచ్చే గ్రేడింగ్ రుసుమే కార్డు వెలను మించిపోతుంది. పేరుమోసిన పాత కార్డయితే సంగతి వేరు. వాటికి నకళ్ళు ఎక్కువ. 1952 నాటి వరుసను టాప్స్ వారే 1983లో మళ్ళీ అచ్చువేశారు. అలాంటప్పుడు “ఇది అసలుదే” అన్న మాటకే విలువ ఎక్కువ.

మూడవది: లెక్క కుదురుతుందా? ఉదాహరణకు, గ్రేడు లేకుండా 20 డాలర్లు పలికే కార్డు ఉందనుకోండి. మంచి గ్రేడు వస్తే 45 పలుకుతుందనుకోండి. రుసుము 25, పైన పోస్టు, బీమా. మిగిలిందేమిటి? గ్రేడు తక్కువ వస్తే చేతిడబ్బు పోయినట్టే. పెట్టెలో నూరు కార్డులుంటే నూరూ పంపకూడదు. భూతద్దంతో చూసి, అన్నిటికన్నా మేలైనవి రెండో మూడో ఏరాలి. ధరలు తెలుసుకునేటప్పుడు అమ్మేవాడు అడిగే ధర చూడవద్దు, నిజంగా అమ్ముడుపోయిన ధర చూడాలి. అది కూడా వచ్చే గ్రేడు ఊహించినదానికన్నా ఒక మెట్టు తక్కువ అనుకుని లెక్కవేసుకోవాలి. వెంటనే డబ్బు అవసరమైనవారు ఆలస్యాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. 2021 మార్చిలో కార్డులు గుట్టలుగా వచ్చిపడి, పి.ఎస్.ఏ. చాలా తరగతులలో కొత్తవి తీసుకోవడమే కొంతకాలం ఆపేసింది.

మరొక్క హెచ్చరిక. ఇత్తడి సామానుకు చింతపండు పట్టించి తళతళలాడించే చేతులు మనవి. మురికి కనబడితే ఊరుకోలేం. కాని ఈ కార్డులను తడిగుడ్డతో తుడవకండి, రబ్బరుతో రుద్దకండి, మడతలను ఇస్త్రీ చేయకండి, చిరుగులకు టేపు అంటించకండి. బాగుచేద్దామని చేసిన పనే దాని వెల తగ్గిస్తుంది. అంచులు పట్టుకుని, పొడిచేతులతో తీసి, ఎండా తేమా తగలని చోట పెడితే చాలు.

చివరిగా ఒక మాట. కొన్ని కార్డుల వెనక ఏ పిల్లవాడో వంకరటింకర అక్షరాలతో తన పేరు రాసుకుని ఉంటాడు. గ్రేడు వేసేవారికి అది లోపం, అంకె తగ్గుతుంది. కాని ఆ పిల్లవాడు ఇప్పుడు లేని మీ వియ్యంకుడో, మీ కోడలి తాతగారో అయితే, ఆ అక్షరాలకు ఏ అంకె వేస్తారు? అలాంటి కార్డును అమ్మకానికి తీసే ముందు ఇంట్లో అందరినీ ఒకసారి అడగమనండి. ఒకసారి అమ్మేశాక దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం. గ్రేడు మాత్రం ఎప్పుడైనా వేయించుకోవచ్చు, తొందరేమీ లేదు.