అమ్మ చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుంది?

పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది. చింతపండు డబ్బా పై అరలో ఉంటుంది. అమ్మ మునివేళ్ల మీద లేచి, ఎడమచేత్తో గట్టు అంచు పట్టుకుని, కుడిచేతి వేళ్లతో డబ్బాను కొంచెం కొంచెంగా ముందుకు లాగుతుంది. అప్పటికీ అందకపోతే మీకు పిలుపు వస్తుంది: "ఆ స్టూలు ఇటు తీసుకురా!" మీలో చాలామందికి ఇది రోజూ చూసే దృశ్యమే. మరి ఆ అరను అంత ఎత్తులో పెట్టమన్నది ఎవరు?

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ అడుగుతాడు, "బండ ఎంత ఎత్తులో పెట్టమంటారు?" అని. నాన్నో, మామయ్యో చెయ్యెత్తి "ఇదిగో, ఇక్కడ" అంటారు. కాని ఆ చెయ్యి రోజూ వంట చేసే చెయ్యి కాదు. మన దేశంలో పురుషుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, స్త్రీలది సుమారు 152. గోడలో బండ దిగి సిమెంటు గట్టిపడిందంటే ఆ పొరపాటు ఇరవై, ముప్పై ఏళ్లు అక్కడే ఉంటుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో పాత మిద్దె ఇల్లు ఏదైనా మిగిలి ఉంటే, ఒకసారి వెళ్లి దాని వంటగది చూడండి. రాతితోనో, మట్టితోనో కట్టిన ఆ గోడలు బాగా మందంగా ఉంటాయి. కనుక అరలు గోడ బయటికి పొడుచుకు రావు. గోడ లోపలికే గూళ్లుగా ఉంటాయి. పొయ్యి నేల మీద, మనిషి పీట మీద. ఉప్పు, కారం ఉండే గూడు కూర్చున్న మనిషి చెయ్యి చాచితే అందేటట్టు ఉంటుంది. పాలు, పెరుగు మాత్రం ఉట్టి మీద. అది పిల్లికీ మీకూ అందకూడదు గదా!

గ్యాసు స్టవ్వు వచ్చాక వంట చేసే మనిషి లేచి నిలబడింది. గోడ మందం తగ్గింది. గూడు పోయి అర గోడ బయటికి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, మనిషికీ గోడకూ మధ్య రెండడుగుల వెడల్పు గట్టు అడ్డం వచ్చింది. చిక్కంతా ఈ గట్టుతోనే.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఒక అమ్మ ఎత్తు 152 సెం.మీ. అనుకోండి. ఆమె భుజం నేల నుంచి 125 సెం.మీ. ఎత్తున ఉంది. భుజం నుంచి డబ్బాను పట్టుకునే వేళ్ల దాకా చెయ్యి పొడవు 65 సెం.మీ. చెయ్యి నిటారుగా ఎత్తితే 190 సెం.మీ. దాకా అందుతుంది. కాని ఆమె గోడకు ఆనుకుని నిలబడలేదు, గట్టు అంచు దగ్గర ఆగిపోయింది. గట్టు వెడల్పు 60 సెం.మీ. ఇప్పుడు చెయ్యి నిటారుగా కాక ఏటవాలుగా వెళ్లాలి.

మీ గణిత పుస్తకంలోని లంబకోణ త్రిభుజాన్ని ఇక్కడికి తెచ్చుకోండి. చెయ్యి కర్ణం: 65. గోడ దాకా ఉన్న దూరం ఒక భుజం: 60. మూడో భుజం ఎంత? 65 వర్గం 4225. అందులో 60 వర్గం 3600 తీసేస్తే 625. దాని వర్గమూలం 25. అంటే గోడ దగ్గర ఆమె చెయ్యి 125+25, అనగా 150 సెం.మీ. ఎత్తు వరకే అందుతుంది! నిటారుగా 190 అందిన చెయ్యి, గట్టు వల్ల నలభై సెంటీమీటర్లు పోగొట్టుకుంది.

అర వెడల్పు 30 సెం.మీ. అయితే దాని ముందంచు గట్టు అంచుకు 30 సెం.మీ. లోపల ఉంటుంది. ఇదే లెక్క వేస్తే అక్కడ 182 సెం.మీ. దాకా అందుతుంది. ఇప్పుడు గట్టు ఎత్తు 82, దాని పైన 50 సెం.మీ. వదిలి మొదటి అర, ఆ పైన ముప్పయ్యేసి సెంటీమీటర్లకు ఒక్కొక్క అర వేశాం అనుకోండి. డబ్బాను అడుగు నుంచి 10 సెం.మీ. పైన పట్టుకుంటారు కనుక, మొదటి అరలో చెయ్యి చేరవలసింది 142కు. గోడ దాకా అందుతుంది. రెండో అరలో 172కు చేరాలి; ముందు సగం అందుతుంది, వెనక సగం అందదు. మూడో అర స్టూలుదే.

మేస్త్రీ మొత్తాన్నీ ఒక అరడుగు, అంటే 15 సెం.మీ., పైకి జరిపాడనుకోండి. మొదటి అరలో గోడవైపు రెండు వేళ్ల మందం పోతుంది. రెండో అరలో డబ్బాను పట్టుకోవలసిన ఎత్తు 187 అవుతుంది. ముందంచు దగ్గర అందేది 182. రెండో అర మొత్తం చెయ్యి జారిపోయింది! అరడుగే గదా అని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు.

అలాగని మరీ కిందికి దించితే? కూర తరిగేటప్పుడు మనిషి ముందుకు వంగుతుంది. అర అంచు నుదుటికి తగులుతుంది. గట్టు వెనకభాగం కనిపించదు. నీళ్ల బిందె, పొడుగాటి కుక్కరు అర కింద పట్టవు. 45 సెం.మీ. వెడల్పు అర పెడితే తల ఆడడానికి మిగిలేది 15 సెం.మీ. మాత్రమే. అందుకే గట్టుకూ అరకూ మధ్య సాధారణంగా 45 నుంచి 60 సెం.మీ. వదులుతారు. అమెరికాలో వాడుకలో ఉన్న కొలత 36 అంగుళాల గట్టు, దానిపైన 18 అంగుళాల ఖాళీ. అక్కడి స్త్రీలు మనవారికన్నా సగటున సుమారు 10 సెం.మీ. పొడుగు. ఆ 36 అంగుళాలను మనం అలాగే తెచ్చుకుంటే జొన్నరొట్టె తట్టే చేతికి భుజం నొప్పే. గట్టు మోచేతికి 10, 15 సెం.మీ. కింద ఉంటేనే పిండిని బలంగా అదమవచ్చు.

ఇక స్టవ్వు సంగతి. మంట పైన పెట్టిన ఉప్పుడబ్బాను అందుకోవాలంటే చెయ్యి, దానితోపాటు చీర కొంగు, మంట మీదుగా వెళ్లాలి. ప్రమాదం ఎక్కడుందో వేరే చెప్పాలా? స్టవ్వు పైభాగానికీ చెక్క అరకూ మధ్య కనీసం 30 అంగుళాలు, అంటే 76 సెం.మీ., ఉండాలని అమెరికా నిబంధనలు చెబుతాయి. మన లెక్కలో గట్టు 82, స్టవ్వు 15, ఖాళీ 76, మొత్తం 173. పైన డబ్బా పట్టుకునే పది కలిపితే 183. అందేది 182! మంటకు దూరంగా పెడితే అందదు, అందేటట్టు పెడితే మంట పైన. స్టవ్వు మీద అర వద్దనడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు.

వంటగదిని ఇలా కొలిచి కట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. 1926లో మార్గరెటే షుట్టే-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్లకు ఒక చిన్న వంటగదిని రూపొందించింది. అలాంటివి సుమారు పదివేలు కట్టారు. అందులో కూర్చుని కూరలు తరుక్కోవడానికి గుండ్రంగా తిరిగే స్టూలు కూడా ఉంది. మన పీటను తలపించడం లేదూ?

ఈ మూడు జిల్లాలూ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోవే. అంటే పాత పాలమూరు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, భవనాలకు రాయీ మట్టీ మోసింది పాలమూరు కూలీలే. మీ ఊళ్లో కట్టడం పని తెలిసినవారికి కొదవ లేదు. కొలత ఇవ్వవలసింది ఇంట్లోవాళ్లు.

ఒక సుద్దముక్క, ఒక టేపు తీసుకోండి. గోడకు రెండడుగుల దూరంలో నేల మీద గీత గీసి, అమ్మను ఆ గీత దగ్గర నిలబెట్టండి. మడమలు లేపకుండా, ముందుకు వాలకుండా గోడను తాకమనండి. అక్కడ గుర్తు పెట్టండి. ఇంట్లో నానమ్మ కూడా వంట చేస్తుంటే ఆమెదీ పెట్టండి. రెండు గుర్తుల్లో ఏది తీసుకోవాలి? అందే ఎత్తుకు పొట్టిమనిషి గుర్తు. తల తగలకుండా చూడడానికి పొడుగుమనిషి కొలత. రోజూ వాడే డబ్బాలు ఈ రెంటి మధ్యన ఉండాలి. పండుగకు తీసే పెద్ద గిన్నెలు ఆ పైన ఉన్నా ఫరవాలేదు. ఊరగాయ జాడీల్లాంటి బరువైనవి గట్టు కిందే మంచిది.

మీ ఇంట్లో అరలు ఇప్పటికే బిగించి ఉంటే, పై అరలో ఉన్నవాటిలో రోజూ తీసేవి ఎన్నో ఈ సాయంత్రం లెక్కపెట్టండి. వాటికి కింద చోటు చేయడానికి మేస్త్రీ రానక్కర్లేదు.