టీకా పెట్టె మీద ఏడాది చూడండి

వైరస్ మారినప్పుడల్లా టీకానూ మార్చాలా? నేను టీకాల నాణ్యతా పరీక్షల రంగంలో ఉన్నానని తెలిసిన దగ్గర్నుంచి అమెరికాలోని మన సంఘం సభ్యులు నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. దీని మీదే రాయమని సంచిక బాధ్యులు కోరారు. నా జవాబు ముందే చెప్తాను. అన్ని టీకాలకీ అక్కర్లేదు. ఫ్లూకీ, కోవిడ్‌కీ మాత్రం తప్పదు.

తట్టు టీకాకు మూలం 1954లో సేకరించిన వైరస్. ఆ సంతతి నుంచి వచ్చిన టీకాలే నేటికీ పిల్లల్ని కాపాడుతున్నాయి. నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాద్ నుంచి హెపటైటిస్-బి టీకా తెచ్చింది. ఆ టీకానూ ఏటేటా మార్చాల్సిన పని లేదు. ఆ వైరస్‌లలో మన రోగనిరోధక శక్తి గుర్తుపట్టే భాగం పెద్దగా మారదు. ఫ్లూలో సరిగ్గా ఆ భాగమే మారుతూ ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ ఫ్లూ టీకాలో ఏ రకాలుండాలో సూచిస్తుంది.

అయితే కొత్త రకం కనబడగానే టీకా మార్చేయడం కూడా సరికాదు. దీనికి మన రాష్ట్రమే సాక్ష్యం. ఎన్440కె అనే మార్పు ఉన్న కరోనా రకం కర్నూలులో బయటపడింది. 2021 మే నెలలో టీవీలు దానికి ‘ఏపీ స్ట్రెయిన్’ అని పేరు పెట్టేశాయి. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్ళు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఢిల్లీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మనవాళ్ళని వేలెత్తి చూపిన ఆ రోజులు ఎంత బాధించాయో మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు జన్యుక్రమాలు చూసి, ఆ రకం అప్పటికే తగ్గిపోతోందనీ, వేరే రకాలు దాని చోటు తీసుకుంటున్నాయనీ తేల్చిచెప్పారు. అప్పట్లో దేశాన్ని ముంచింది డెల్టా. ఎన్440కెకి సరిపడా టీకా తయారుచేసే పనిలో దిగి ఉంటే, అది చేతికొచ్చేసరికి ఆ రకమే ఉండేది కాదు. కానీ అదే మార్పు ఆ తర్వాత ఒమిక్రాన్‌లో మళ్ళీ కనబడింది. కాబట్టి ప్రతి రకం వెంటా పరుగెత్తనక్కర్లేదు, నిఘా మాత్రం వదలకూడదు. వ్యాప్తిలో పైచేయి సాధించిన రకానికి తగ్గట్టు టీకాను మార్చుకోవాలి.

అమెరికాలో 2022 నుంచీ కోవిడ్ టీకాను అలాగే మారుస్తున్నారు. మన దేశంలో 2023 జూన్‌లో ఒమిక్రాన్ కోసం చేసిన జెమ్‌కోవాక్-ఓఎంకి అత్యవసర అనుమతి వచ్చింది. పాత టీకాలు వృథా అని మాత్రం అనుకోకండి. సోకకుండా ఆపే శక్తి తగ్గినా, జబ్బు ముదరకుండా కాచే శక్తి అంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక మా ఇంటికి తగిలిన దెబ్బ చెప్తాను. మన గొలుగొండ నుంచి మా అమ్మ చలికాలంలో అమెరికాకి మా దగ్గరికి బయల్దేరే ముందు అక్కడే ఫ్లూ టీకా వేయించుకుంది. జనవరిలో జ్వరం, ఆపైన న్యుమోనియా. ఆస్తమా ముందునుంచే ఉందంటూ విజిటర్ ఇన్సూరెన్స్ కంపెనీ బిల్లు కట్టనంది. తర్వాత టీకా పెట్టె ఫొటో తెప్పించి చూస్తే, అది అంతకుముందు ఏడాది సీజన్‌ది. కొత్త టీకా అయితే జబ్బే వచ్చేది కాదని నేను అనను. కానీ ఆమెకు అందాల్సిన రక్షణ అందలేదు.

ఇక్కడే అందరూ పొరబడతారు. పెట్టె మీద ఎక్స్‌పైరీ తేదీ దాటకపోతే చాలనుకుంటారు. మందు పాడవకపోవచ్చు, అందులోని రకాలు మాత్రం కిందటేడువి కావచ్చు. అందుకని ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల్ని, సూది వేయించుకునే ముందే పెట్టెను ఫొటో తీసి పంపమనండి. సీజన్ ఏడాది చూడండి. నార్తర్న్ హెమిస్ఫియరా, సదరన్ హెమిస్ఫియరా చూడండి. రెండింటిలో రకాలు ఒక్కో ఏడాది ఒకటే ఉంటాయి, ఒక్కో ఏడాది వేరుగా ఉంటాయి. రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి ప్రయాణానికి అంత ముందే వేయించండి. బ్యాచ్ నంబరుతో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే చీటీ తీసుకోమనండి. సెప్టెంబరు తర్వాత అమెరికా వస్తుంటే ఇక్కడి ఫార్మసీలో వేయించడం కూడా మంచిదే. విజిటర్ ఇన్సూరెన్స్‌లో టీకాల ఖర్చు సాధారణంగా ఉండదు, డబ్బు సిద్ధంగా ఉంచుకోండి. 65 దాటినవాళ్ళకి కోవిడ్ టీకా సంగతి కూడా డాక్టరుని అడగండి.

మన పిల్లలకి ఒక మాట తప్పకుండా చెప్పండి. కోర్బెవ్యాక్స్ పరిజ్ఞానం హ్యూస్టన్‌లో పుట్టింది, టీకాగా తయారైంది హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ లో. భారత్‌లో 2022 మార్చి నుంచి 12-14 ఏళ్ళ పిల్లలకి వేసింది దాన్నే. మనం బతుకుతున్న దేశమూ మనం పుట్టిన నేలా కలిసి చేసిన పని అది. సైన్సు చదువుతున్న మన పిల్లల్లో కొందరైనా ఆ దారి పట్టాలని నా కోరిక.

చివరగా మన ఊళ్ళ సంగతి. అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట మన గొలుగొండ మండలంలోదే. మన్యం జనం కోసం ప్రాణమిచ్చిన ఆయన్ని దాచుకున్న నేల మీద పుట్టిన మనకి, ఆ కొండవాలు ఊళ్ళలోని పెద్దవాళ్ళకి టీకా అందుతోందా అని అడగడం పెద్ద పని కాదు. వచ్చే వానాకాలానికి ముందే ఊరికి ఫోన్ చేయండి. మీ అమ్మానాన్నలతో పాటు పక్కింటి పెద్దవాళ్ళ గురించీ అడగండి. ఖర్చు భరించలేని వాళ్ళుంటే సంఘానికి చెప్పండి. అక్కడి ఆరోగ్య సిబ్బందితో కలిసి, ఆ ఏడాది టీకానే వాళ్ళకి వేయించే ఏర్పాటు చేద్దాం.