రక్షణాజ్ఞను మరల మరల మీఱువారికి శిక్ష

పోర్ట్ క్లాంగ్ రేవునందును, చుట్టుపట్ల తోటలయందును నివసించు మన తెలుగు కుటుంబములవా రెఱుగవలసిన చట్ట మొకటి గలదు. అది 1994వ సంవత్సరపు గృహహింసా చట్టము. 1996 మొదలు అమలునందున్న యీ చట్టము మలేషియాలో సకల మతములవారికిని వర్తించును. భార్యయే గాక, విడాకులు పొందిన భార్యయు, బిడ్డలును, వృద్ధులైన తలిదండ్రులును దీని యండ పొందవచ్చును.

ఇంట హింసకు లోనైనవారు పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేసినచో, విచారణ ముగియువఱకు మేజిస్ట్రేటు మధ్యంతర రక్షణాజ్ఞ నీయవచ్చును. కేసు కోర్టున నడచునపుడు 12 నెలల వఱకు చెల్లు రక్షణాజ్ఞ నీయవచ్చును. 2018 నుండి సంక్షేమశాఖ యధికారులు 7 దినములు చెల్లు అత్యవసరాజ్ఞనుగూడ నిచ్చుచున్నారు. దానికి పోలీసు ఫిర్యాదు ముందుగా నుండ నక్కఱలేదు.

రక్షణాజ్ఞను మీఱినవానికి శిక్ష మూడు మెట్లుగా నున్నది. బుద్ధిపూర్వకముగా మీఱినచో 2,000 రింగిట్ల వఱకు జరిమానా, లేక 6 నెలల వఱకు ఖైదు, లేక రెండును. మీఱుటయే గాక హింసించినచో 4,000 రింగిట్లు, లేక ఏడాది ఖైదు, లేక రెండును. అట్లు హింసించి మరల దోషిగా తేలినచో ఖైదు తప్పదు. అది 72 గంటలకు తగ్గదు, 2 సంవత్సరములకు మించదు. దానిపై 5,000 రింగిట్ల వఱకు జరిమానాయు విధింపవచ్చును.

ఈ భేద మేల? జరిమానా కట్టు సొమ్ము తఱచుగా ఇంటి బియ్యపు సొమ్మే. కొట్టినవాడు దానిని చెల్లించి, ఆ సాయంకాలమే గుమ్మము నెదుట నిలువవచ్చును. దెబ్బలు తినినవారే పస్తు లుందురు. ఖైదైనచో ఆ భారము వానిమీదనే పడును.

అయితే సోదరీమణులారా, యిది చక్కగ గమనింపుడు. మొదటి నేరము కోర్టున రుజువైననే రెండవది రెండవదిగా లెక్కకు వచ్చును. “ఈ సారికి ఓర్చుకొనుము, ఇంటిగుట్టు వీధి కెక్కింపకుము” అని పెద్దలు లైనులోనే రాజీ చేసినచో, పదవ దెబ్బయు చట్టమునకు మొదటి దెబ్బయే యగును. సంపాదించువాడు చెఱకు పోయిన బిడ్డల గతి యేమను భయము న్యాయమైనదే. కాని ప్రాణము పోయిన పిమ్మట బిడ్డల గతి యేమి?

కావున ఆజ్ఞాపత్రపు నకలు దగ్గఱ నుంచుకొనుడు. మీఱిన ప్రతిసారియు తేదీ, వేళ వ్రాసి యుంచుకొని ఠాణాలో తెలుపుడు. గాయమైనచో ప్రభుత్వాస్పత్రిలో చూపింపుడు. 15999 సంఖ్యకు రాత్రింబవళ్లు టెలిఫోను చేయవచ్చును. పెద్దలారా, ఆమెను వెనుకకు పంపక ఠాణావఱకు తోడు నడువుడు.