సరిహద్దు దాటే హాని, మూల రాజ్యపు బాధ్యత: పెమ్మరాజు శ్రీనివాసరావు న్యాయకృషి – సైబరాబాద్‌కు దాని అన్వయం

హైదరాబాద్: మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. సరిగా అదే సంవత్సరంలో, ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ న్యాయ సంఘానికి జెనీవాలో ఒక తెలుగు న్యాయకోవిదుడు తన తొలి నివేదికను సమర్పించారు. ఒక దేశపు భూభాగంలో జరిగే కార్యకలాపం మరొక దేశానికి హాని కలిగించకుండా చూడవలసిన బాధ్యత ఎవరిది, అది ఎంతవరకు అన్నది ఆ నివేదిక విషయం. ఆ న్యాయకోవిదుడు డాక్టర్ పెమ్మరాజు శ్రీనివాసరావు. ఆ నివేదికలో కంప్యూటర్ల ప్రస్తావన లేదు. రసాయన కర్మాగారాలు, ఆనకట్టలు, అణు కేంద్రాల వంటివే అప్పటి చర్చకు ఆధారం. అయినప్పటికీ హైటెక్ సిటీ, గచ్చిబౌలి పరిసరాలలోని సమాచార సాంకేతిక కారిడార్‌కు సంబంధించి నేడు తలెత్తుతున్న అంతర్జాతీయ న్యాయ ప్రశ్నలలో మొదటిది అదే కావడం గమనార్హం.

శ్రీ శ్రీనివాసరావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో న్యాయశాస్త్రం అభ్యసించి, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. సముద్ర వనరుల న్యాయవ్యవస్థపై ఆయన రచించిన గ్రంథాన్ని 1975లో ఎం.ఐ.టి. ప్రెస్ ప్రచురించింది. 1985 నుంచి 2002 వరకు విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖలో న్యాయ సలహాదారుగా, న్యాయ–ఒడంబడికల విభాగానికి అధిపతిగా ఆయన పనిచేశారు. భారతదేశం కుదుర్చుకొనే ఒడంబడికల పాఠాన్ని సంతకానికి ముందు న్యాయదృష్టితో పరిశీలించేది ఈ విభాగమే. 1987 నుంచి 2006 వరకు అంతర్జాతీయ న్యాయ సంఘ సభ్యులుగా, 1995లో ఆ సంఘ అధ్యక్షులుగా ఉన్నారు. 1999 నాటి విమాన ఘటనపై అంతర్జాతీయ న్యాయస్థానంలో పాకిస్తాన్ వేసిన దావాలో భారత్ పక్షాన వాదించిన వారిలో ఆయన ఒకరు. ఆ దావాను విచారించే అధికార పరిధి తనకు లేదని న్యాయస్థానం 2000 జూన్ 21న తీర్పు చెప్పింది. మలేషియా, సింగపూర్‌ల మధ్య పెడ్రా బ్రాంకా ద్వీప వివాదంలో (తీర్పు 2008) సింగపూర్ తన తరఫున తాత్కాలిక న్యాయమూర్తిగా ఆయనను ఎంచుకున్నది.

ఒడంబడికల న్యాయంలో ఈ స్థాయికి చేరిన తెలుగువారిలో మరొకరు డాక్టర్ పి. చంద్రశేఖరరావు. కేంద్ర న్యాయశాఖ కార్యదర్శిగా పనిచేసి, అనంతరం హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌కు 1999–2002 మధ్య అధ్యక్షత వహించారు. ఎన్రికా లెక్సీ నౌక వివాదంలో భారత్ నియమించిన మధ్యవర్తి ఆయనే. 2018 అక్టోబరులో ఆయన మరణించగా, ఆ స్థానంలో శ్రీ శ్రీనివాసరావు నియమితులయ్యారు.

ఇక అసలు విషయం. పొరుగు దేశానికి హాని చేయరాదన్న సూత్రానికి రెండు ప్రసిద్ధ ఆధారాలున్నాయి. కెనడాలోని ట్రెయిల్ లోహశుద్ధి కర్మాగారపు పొగ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు పంటలను, అడవులను దెబ్బతీసిన వివాదంలో 1938, 1941 సంవత్సరాలలో వెలువడిన మధ్యవర్తిత్వ తీర్పులు మొదటివి. కోర్ఫు జలసంధిలో మందుపాతరలు పేలి బ్రిటిష్ నౌకలు దెబ్బతిన్న కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 1949లో ఇచ్చిన తీర్పు రెండవది. ఇతర దేశాల హక్కులకు భంగకరమైన పనులకు తన భూభాగం వినియోగమవుతున్నదని తెలిసి కూడా ఏ దేశమూ ఊరకుండరాదని ఆ తీర్పు సారాంశం. న్యాయ సంఘం ఈ అంశాన్ని 1978లోనే చేపట్టినా, నివారణను, నష్టపరిహారాన్ని ఒకే ముసాయిదాలో ఇమిడ్చే ప్రయత్నంలో రెండు దశాబ్దాలు గడిచాయి. 1997లో ఈ రెండింటినీ విడదీసి, ముందుగా నివారణపై పని పూర్తిచేయాలని నిర్ణయించి, శ్రీ శ్రీనివాసరావును ప్రత్యేక నివేదకులుగా నియమించారు. నాలుగేళ్లలో, అంటే 2001లో, 19 అధికరణాల ముసాయిదా సిద్ధమైంది. విడదీయడమే ఈ విజయానికి కారణమని చెప్పవచ్చు.

ఈ అధికరణాల ప్రకారం, హాని పుట్టే అవకాశమున్న దేశం అనగా మూల రాజ్యం, ప్రమాదకర కార్యకలాపానికి ముందస్తు అనుమతి విధానం ఏర్పరచాలి. ప్రమాదాన్ని అంచనా వేయించాలి. బాధిత దేశానికి తెలియజేసి, సంప్రదింపులు జరపాలి. వీటన్నింటి వెనుక ఉన్న ప్రమాణం తగిన జాగ్రత్త. హాని జరగనే జరగదని మూల రాజ్యం హామీ ఇవ్వనక్కరలేదు. ప్రమాద తీవ్రతకు తగిన చర్యలన్నీ తీసుకున్నదా లేదా అన్నదే ప్రశ్న. దేశపు ఆర్థిక స్థాయిని కూడా పరిగణించవచ్చు గాని, దానిని సాకుగా చూపి బాధ్యతనే విడిచిపెట్టే వీలు లేదని సంఘపు వ్యాఖ్యానం స్పష్టం చేసింది. వర్ధమాన దేశాలకు ఈ రెండు మాటలూ ముఖ్యమే. దేశభద్రతకు సంబంధించిన లేదా పారిశ్రామిక రహస్యాలకు చెందిన సమాచారాన్ని ఇవ్వకుండా ఉంచుకొనే హక్కును 14వ అధికరణం గుర్తించింది. అయితే సద్భావంతో సహకరించడం మాత్రం తప్పనిసరి.

సైబర్ రంగానికి ఈ అధికరణాలు యథాతథంగా వర్తిస్తాయని చెప్పడం మాత్రం సరికాదు. భౌతిక పర్యవసానాల ద్వారా కలిగే హానికే ఇవి పరిమితమని 1వ అధికరణం చెబుతున్నది. ఒక విద్యుత్ గ్రిడ్‌ను దూరం నుంచి స్తంభింపజేసి ఆస్పత్రులకు కరెంటు లేకుండా చేస్తే దానిని భౌతిక హానిగా వాదించవచ్చు. ఒక విశ్రాంత ఉద్యోగి బ్యాంకు ఖాతాలోని సొమ్ము మూడు దేశాలు తిరిగి మాయమైతే ఆ వాదన నిలవడం కష్టం. అందువల్ల సైబర్ రంగంలోకి ప్రవేశించినవి ఈ అధికరణాలు కావు, వాటికి ఆధారమైన ప్రమాణం. తమ భూభాగాన్ని సమాచార సాంకేతికత ద్వారా అంతర్జాతీయ తప్పిదాలకు వాడుకోవడాన్ని దేశాలు తెలిసి కూడా అనుమతించరాదని ఐక్యరాజ్యసమితి ప్రభుత్వ నిపుణుల బృందం 2015లో సూచించింది. భూభాగంలోని ప్రతి కంప్యూటర్ కార్యకలాపంపై నిఘా పెట్టాలని దీని అర్థం కాదని, తన సామర్థ్యం మేరకు సహేతుక చర్యలు తీసుకోవడమే దేశం నుంచి ఆశించేదని 2021 నాటి బృందం వివరించింది. 2001 వ్యాఖ్యానంలోని తర్కానికి ఇది అతి సమీపంలో ఉన్నది. అయితే 2015 సూచన స్వచ్ఛంద నియమం మాత్రమే, ఒడంబడిక కాదు. వార్తాకథనాలలో ఈ రెండింటినీ ఒకటిగా రాయడం తరచు కనిపిస్తున్నది.

సైబరాబాద్ పరిస్థితిలోని విశేషం ఏమనగా, ఈ ప్రాంతం ఏకకాలంలో బాధిత పక్షమూ, మూల పక్షమూ కూడా. కంబోడియా, మియన్మార్ వంటి దేశాలలోని మోసపు కేంద్రాల నుంచి సాగే నకిలీ పెట్టుబడుల యాప్‌లకు, డిజిటల్ అరెస్టు బెదిరింపులకు హైదరాబాద్ వాసులు పెద్ద మొత్తాలు పోగొట్టుకుంటున్నారు. ఉద్యోగాల ఆశతో వెళ్లి అదే కేంద్రాలలో చిక్కుకున్నవారిలో తెలుగు యువకులు కూడా ఉన్నారు. 2025 మార్చిలో మియన్మార్ నుంచి స్వదేశానికి తీసుకువచ్చిన 500 మందికి పైగా భారతీయులలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వారు ఉన్నారు. ఇక్కడ మూల రాజ్యం వారిది. తగిన జాగ్రత్త వహించారా అని అడిగే హక్కు మనది. మరోవైపు మాదాపూర్ పరిసరాలలో అద్దె కార్యాలయాలు తీసుకొని, రాత్రివేళల్లో అమెరికా పౌరులకు ఫోన్లు చేసి మోసగిస్తున్న నకిలీ కాల్‌సెంటర్లను పోలీసులు పట్టుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. అప్పుడు ప్రశ్న తిరగబడుతుంది. బయటి దేశాన్ని మనం అడిగే ప్రమాణాన్నే మనకూ వర్తింపజేసుకోవలసి ఉంటుంది.

ఇక్కడ కాలవ్యవధి విషయం ప్రత్యేకంగా పేర్కొనదగినది. 2001 ముసాయిదాలోని 8వ అధికరణం కింద, బాధిత దేశం తన స్పందన తెలపడానికి ఆరు నెలల వరకు గడువు ఉన్నది. ఆనకట్టకు ఆ గడువు సరిపోతుంది. అదే సైబర్ ఘటన జరిగితే ఆరు గంటలలోగా నివేదించాలని భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం, అనగా సెర్ట్–ఇన్, 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. డేటా సెంటర్లు, సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు దీని పరిధిలోకి వస్తాయి. మోసపోయినవారు 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోన్ చేస్తే సొమ్మును ఖాతాలలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. కాని ఆ సొమ్ము, లేదా దాని ఆనవాళ్లు ఉన్న సర్వర్, విదేశంలో ఉన్నప్పుడు పద్ధతి మారుతుంది. అమెరికాతో 2001 అక్టోబరు 17న సంతకమై 2005లో అమలులోకి వచ్చిన పరస్పర న్యాయ సహాయ ఒడంబడిక కింద కేంద్ర అధికార సంస్థల ద్వారా అభ్యర్థన వెళ్లాలి. కోర్టు ద్వారా పంపే అభ్యర్థన పత్రానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 112వ సెక్షన్ వీలు కల్పిస్తున్నది. గంటలలో మాయమయ్యే సాక్ష్యం కోసం నెలల తరబడి సాగే మార్గమిది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 75వ సెక్షన్ భారతదేశంలోని కంప్యూటర్‌కు సంబంధించిన నేరాన్ని విదేశంలో ఎవరు చేసినా శిక్షార్హమని చెబుతున్నా, పరిధి ఉండడం వేరు, నిందితుడు చేతికి చిక్కడం వేరు.

ఈ లోటును పూరించేందుకు రెండు ఒడంబడికలు వచ్చాయి. యూరప్ మండలి ఆధ్వర్యంలో 2001 నవంబరులో సంతకాలకు సిద్ధమై 2004 జూలై 1న అమలులోకి వచ్చిన బుడాపెస్ట్ ఒడంబడిక మొదటిది; భారత్ ఇందులో చేరలేదు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2024 డిసెంబరు 24న ఆమోదించి, 2025 అక్టోబరు 25న హనోయ్‌లో సంతకాలకు తెరిచిన సైబర్ నేరాల వ్యతిరేక ఒడంబడిక రెండవది. సంతకం చేసినంత మాత్రాన ఒడంబడిక అమలులోకి వచ్చినట్లు కాదు. 40 దేశాలు ధ్రువీకరణ పత్రాలు సమర్పించిన 90 రోజులకు అది అమలవుతుంది. రోజులో 24 గంటలూ, వారానికి ఏడు రోజులూ అందుబాటులో ఉండే సంప్రదింపుల కేంద్రాన్ని ప్రతి సభ్యదేశమూ ఏర్పాటు చేయాలన్నది ఇందులోని అత్యంత ఆచరణాత్మకమైన నిబంధన.

రాష్ట్ర అధికారులకు దీనితో పని ఏమిటన్న సందేహం సహజం. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 14వ అంశం ప్రకారం ఒడంబడికలు కేంద్రానివి. 253వ అధికరణం కింద వాటి అమలుకు పార్లమెంటు శాసనం చేయవచ్చు. కాని పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని 2వ అంశం. అందుచేత భారత్ తగిన జాగ్రత్త వహించిందా అని రేపు మరొక దేశం ప్రశ్నిస్తే, సమాధానం ఉండేది సౌత్ బ్లాక్‌లో కాదు, మాదాపూర్ లేదా గచ్చిబౌలి ఠాణాలోని కేసు డైరీలో. విదేశం నుంచి ఫిర్యాదు ఏ తేదీన అందినది, ఏ చర్య ఎప్పుడు తీసుకున్నది, సర్వర్ లాగ్‌లను ఎవరు భద్రపరిచారు అన్న వివరాలే అక్కడ సాక్ష్యం. 2016లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన సైబర్ భద్రతా విధానానికీ, 2023లో ఏర్పడిన రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరోకూ ఈ దృష్టితో చూచినపుడు స్థానిక ప్రాధాన్యం మాత్రమే గాక అంతర్జాతీయ ప్రాధాన్యం కూడా ఏర్పడుతున్నది.

నివారణ విఫలమైనపుడు నష్టాన్ని ఎవరు భరించాలన్న రెండవ భాగాన్ని కూడా శ్రీ శ్రీనివాసరావే పూర్తిచేశారు. 2006లో సంఘం ఆమోదించిన ఎనిమిది సూత్రాల ప్రకారం, బాధితులకు సత్వర, సముచిత పరిహారం అందాలి. తొలి బాధ్యత కార్యకలాపాన్ని నిర్వహించే సంస్థదే. దాని తప్పును రుజువు చేయవలసిన భారం బాధితునిపై ఉండరాదు. అందుకు బీమా వంటి ఆర్థిక భద్రతను సంస్థ ముందుగానే ఏర్పరచుకోవాలి. 1984 నాటి భోపాల్ దుర్ఘటన అనుభవమున్న దేశంలో ఈ సూత్రాల అవసరాన్ని వివరించనక్కరలేదు. ఇవి కూడా సైబర్ నష్టాలకు నేరుగా వర్తించవు. విదేశీ ఖాతాదారుల సమాచారాన్ని నిర్వహించే కారిడార్ సంస్థలకు, ఆ సంస్థలకు బీమా చేసే కంపెనీలకు మధ్య కుదిరే కాంట్రాక్టులే ప్రస్తుతానికి ఆ స్థానాన్ని భర్తీ చేస్తున్నాయి.